రేడియో సెలూన్‌లో రక్తపోటు

ఆ రోజు ఉదయం సెలూన్ తలుపులు తీస్తూ రేడియో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వచ్చినవాళ్లకు జుట్టు కత్తిరించాలి, గడ్డం గీయాలి, పనిలో పనిగా రక్తపోటు కూడా చూసి పంపాలి. మొదటి రెండు పనులూ చేయి తిరిగినవే. మూడోది మాత్రం ప్రభుత్వం ముందురోజే ఆయనకు అప్పజెప్పింది.

రేడియో అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, గిరాకీలు పెట్టింది. ఒకసారి మొదలైతే ఆపే మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదని వాళ్ల ఉద్దేశం. లోకంలోని సంగతులన్నీ తన దగ్గరే దొరుకుతాయి కాబట్టి జనం మెచ్చి ఇచ్చిన బిరుదని ఆయన ఉద్దేశం. కొత్త ఫోన్ల నుంచి పాత రోగాల దాకా, పన్నుల నుంచి పింఛన్ల దాకా ఆయనకు అభిప్రాయం లేని విషయమంటూ లేదు. కుర్చీలో కూర్చున్నవాడు మెడకు గుడ్డ కట్టించుకుని ఎటూ కదల్లేడు కనుక ఆ అభిప్రాయాలకు శ్రోతల కొరత కూడా లేదు.

మగవాళ్లు ఆస్పత్రికి రమ్మంటే రారు, సెలూన్‌కి మాత్రం ఎవరూ పిలవకుండానే వస్తారు. ఈ రహస్యం ఎలాగో ఆరోగ్య శాఖ చెవిన పడింది. వెంటనే సెలూన్లకు రక్తపోటు యంత్రాలు పంచే పథకం ఒకటి పుట్టింది. యంత్రం చూపించిన అంకె ఫోను ద్వారా తిన్నగా శాఖ వారి కంప్యూటర్‌కే వెళ్లిపోతుంది. ఆ వీధిలో రెండు సెలూన్లుంటే రెండింటికీ చెరొకటి ఇచ్చారు. నెలాఖరున చూసి, బాగా పనిచేసిన సెలూన్‌లోనే యంత్రం ఉంచుతామని, రెండోది వెనక్కి తీసుకుంటామని చెప్పి వెళ్లారు.

వచ్చిన చిక్కల్లా ఆ రెండో సెలూన్ సాక్షాత్తూ రేడియో బావమరిదిది కావడమే. వీధి చివర ఉంటుంది. అతన్ని జనం మౌనముని అంటారు. రేడియో దగ్గరే పని నేర్చుకుని, ఒకరోజు కత్తెర సంచీ భుజాన వేసుకుని, ఎందుకు వెళ్తున్నాడో కూడా చెప్పకుండా వెళ్లిపోయి సొంత కొట్టు పెట్టుకున్నాడు. పైగా పెళ్లయిన కొత్తలో మామగారు నలుగురిలో "అల్లుడికి చేతికంటే నోరు ఎక్కువ ఆడుతుంది" అన్నారు. ఆ మాట రేడియో మనసులో ముల్లులా ఇప్పటికీ అలాగే ఉంది. యంత్రం తన సెలూన్‌లో నిలిచిపోతే ఆ మాటను సాక్షాత్తూ ప్రభుత్వమే కొట్టేసినట్టవుతుంది. పోతే మాత్రం, అత్తవారింటి గడప తొక్కడానికి తనకు మొహం ఉండదు.

మొదట వచ్చినవాడు రిటైరైన హెడ్మాస్టరు. మొహానికి నురగ పట్టించి, చేతికి పట్టీ చుట్టి, రేడియో మీట నొక్కాడు. యంత్రం బుస్సుమంటూ గాలి నింపుకుంటోంది. పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఊరికే ఉండటం మర్యాద కాదనిపించింది.

"విన్నారా మాస్టారూ, ఇకమీదట బళ్లలో మాస్టార్లు ఉండరట. పిల్లాడి చేతిలో ఫోను పెడితే పాఠం అదే చెప్పేస్తుందట. ఒకందుకు మంచిదే లెండి. ఫోనైతే క్లాసులో నిద్రపోదు."

హెడ్మాస్టరు ఏదో అనబోయాడు. గొంతు మీద కత్తి ఉండటంతో ఆ మాట మింగేశాడు. యంత్రం కీచుమంది. అంకె ఎర్రగా వెలిగింది.

"చూశారా? ఎంత ఉందో. నేను చూడబట్టి సరిపోయింది," అన్నాడు రేడియో, ఒక ప్రాణం నిలబెట్టిన గర్వంతో.

తరువాత ఎలక్ట్రికల్ షాపు ఆయన వచ్చాడు. "చప్పట్లు కొడితే వెలిగి ఆరే ఆ బల్బు, మీరమ్మేది, మా పక్కింటివాళ్లు కొన్నారండీ. దోమను కొట్టినప్పుడల్లా ఇల్లు చీకటైపోతోందట. ఇప్పుడు దోమల్ని వాళ్లు కొట్టడం మానేశారు, అవే వీళ్లను కుడుతున్నాయి," అన్నాడు రేడియో, పట్టీ బిగుసుకుంటుండగా. ఎర్ర అంకె. ఆయన వెనకే బ్యాంకు గుమాస్తా వచ్చాడు. బ్యాంకులు మూసేసి అన్నీ ఫోన్లలోనే పెట్టబోతున్నారని, ఆ విధానం దేశానికి ఎందుకు మేలో రేడియో అతనికి విడమరిచి చెప్పాడు. ఈసారి అంకె ఇంకా ఎర్రగా వచ్చింది.

లోపలి గదిలోంచి భార్య తొంగి చూసింది. "ఏమండీ, అందరికీ ఎర్రగానే వస్తోందేంటి? యంత్రం బాగానే ఉందా?"

"ప్రభుత్వం ఇచ్చినదాన్ని అనుమానించకు. ఇన్నాళ్లూ వీళ్లు రోగాలు పెట్టుకుని మన కళ్లముందే తిరిగారు. ఇదిగో, నాది చూడు," అంటూ తన చేతికి పట్టీ చుట్టుకున్నాడు. అంకె పచ్చగా, పసిపిల్లాడికి వచ్చినంత చక్కగా వచ్చింది. "ఎందుకంటావ్? నేను ఏదీ మనసులో పెట్టుకోను."

"అవును, అదంతా మా మనసుల్లోనే పెడతారు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

వారం తిరిగేసరికి వీధి స్వరూపమే మారిపోయింది. ఇంటింటా ఉప్పు డబ్బాలు అటకెక్కాయి. చప్పిడి కూరలు తినలేక మగవాళ్లు కంచాల ముందు నుంచి లేచిపోతుంటే, "ఆ సెలూనాయన చెప్పబట్టి బతికిపోయారు, నోరు మూసుకుని తినండి" అని ఆడవాళ్లు మళ్లీ కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు తన రోజులు దగ్గరపడ్డాయని తేల్చుకుని, కొడుకులిద్దర్నీ పిలిచి ఆస్తి పంపకాల మాటెత్తాడు. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేచారు. ఆ గొడవ పడలేక ఆయన మళ్లీ సెలూన్‌కే వచ్చి కూర్చున్నాడు. ఉన్నవాటికి తోడు వారసత్వ చట్టం మీద రేడియో అభిప్రాయాలు కూడా విన్నాడు. అంకె ఇంకాస్త పైకి పోయింది.

అక్కడ ఆరోగ్య శాఖ కంప్యూటర్‌లో ఆ వీధి ఒక్కటే పటం మీద దెబ్బ తగిలినట్టు ఎర్రగా కనిపించింది. నీళ్లలో ఏదో తేడా ఉందని ఎవరో అధికారికి తోచింది. పరీక్షలు పూర్తయ్యేదాకా కుళాయిలు కట్టేశారు. ట్యాంకరు దగ్గర బిందెల బారులు, ఆ బారుల్లో తగువులు. వీధంతా ఉప్పు లేక, నీళ్లు లేక, శాంతి లేక ఉడికిపోతోంది. ఇక ఇప్పుడు రేడియో ఎవరికి పట్టీ చుట్టినా ఎర్రగా రావడంలో వింతేముంది? రేడియో మాత్రం గాల్లో తేలిపోతున్నాడు. ఇంత పెద్ద ముప్పును ముందుగా పసిగట్టింది తానేనని వచ్చినవాళ్లకూ పోయేవాళ్లకూ చెబుతున్నాడు.

అలాంటి సమయంలో హెడ్మాస్టరు ఒక పిడుగులాంటి వార్త మోసుకొచ్చాడు.

"నిన్న మీ బావమరిది దగ్గరికి వెళ్లానయ్యా. ఊరికే, దారిలో ఉంది కదా అని. అక్కడ నాకు పచ్చగా వచ్చింది. అక్కడికి వెళ్లే ఆ నలుగురైదుగురికీ పచ్చగానే వస్తోందట."

రేడియో చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఒకే వీధి, అవే నీళ్లు, అవే మనుషులు. అక్కడ పచ్చ, ఇక్కడ ఎరుపు. అంటే రెండింట్లో ఒక యంత్రం అబద్ధం చెబుతోంది. అది ఏదన్న విషయంలో ఆయనకు అనుమానమే లేదు.

"మావాడు ఏదో తిరకాసు చేశాడు. జనం ప్రాణాలతో ఆటలు. తనిఖీకి రమ్మని శాఖకు ఇప్పుడే ఫోన్ చేస్తాను," అన్నాడు.

"తమ్ముడి మీద ఫిర్యాదా? వాడు ఈగను కూడా పొమ్మనడు," అంది భార్య.

"చట్టం ముందు బావలూ బావమరుదులూ ఉండరు," అని ఆయన ఫోన్ తీశాడు. ఎత్తిన ఉద్యోగికి విషయమంతా సవివరంగా చెప్పాడు. వినీ వినీ ఆ ఉద్యోగి, రేపే డాక్టర్ని పంపిస్తాం, దయచేసి ఫోన్ పెట్టేయండి అని బతిమాలాడు.

మరునాడు డాక్టరమ్మ కొత్త యంత్రంతో దిగింది. వయసులో చిన్నదే కానీ మాట సూటిగా ఉంది. మౌనమునిని కూడా అతని యంత్రంతో సహా రమ్మన్నారు. అతను వచ్చి గోడకు ఆనుకుని, తప్పు చేసినవాడిలా తల దించుకుని నిలబడ్డాడు. చూడటానికి వీధి వీధంతా గుమ్మం ముందు చేరింది. రేడియో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల సాఫీగా దువ్వుకుని, సన్మానం అందుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

హెడ్మాస్టరును కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు యంత్రాలూ ఒకదాని తరువాత ఒకటి పెట్టారు. అంతసేపూ రేడియో, డాక్టర్లు సెల్‌ఫోన్ చూసి మందులు రాసే రోజులు వచ్చాయని డాక్టరమ్మకు వివరిస్తూనే ఉన్నాడు. మూడూ ఎర్రగానే వచ్చాయి. డాక్టరమ్మ రేడియో వంక కొంచెంసేపు చూసింది.

"మీరు ఒక్క నిమిషం బయట నిలబడతారా?"

ఆయన బయటికి వెళ్లాడు. లోపల పచ్చగా వచ్చింది.

"ఇప్పుడు లోపలికి రండి."

"రాకేం? మాస్టారూ, మీ పెద్దబ్బాయి నిన్న ఏమన్నాడో తెలుసా, ఆ మేడ మీద వాటా..." అంటూ ఆయన లోపలికి వచ్చాడు. అంకె సర్రున పైకి లేచింది.

ఇలా ఆయన్ను బయటికీ లోపలికీ తిప్పుతుంటే అంకె పచ్చబడుతూ ఎర్రబడుతూ పోయింది. మొదట గుమ్మం దగ్గరున్న వాళ్లకు అర్థమై ముసిముసిగా నవ్వారు. తరువాత వెనకవాళ్లకు అర్థమై పగలబడి నవ్వారు. అందరికంటే ఆఖరున రేడియోకి అర్థమైంది.

"ఇక చాలమ్మా. నా జబ్బేమిటో నాకు తెలిసిపోయింది," అన్నాడు హెడ్మాస్టరు.

డాక్టరమ్మ రేడియో భార్య వైపు తిరిగింది. "ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారా?"

"నేను పోటు మాత్రలు వేసుకోబట్టి ఏళ్లయిందమ్మా. మా పుట్టింటి నుంచి వచ్చిన జబ్బేమో అనుకున్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది."

రేడియో మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తన మాట కోసమే జనం వస్తున్నారనుకున్నాడు. ఆ మాటే వాళ్లకు రోగమైందని యంత్రం సాక్షిగా తేలింది. లోపల తన యంత్రాన్ని డబ్బాలో సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మామగారు అన్న మాట ఇప్పుడు ప్రభుత్వం కూడా అన్నట్టయింది. బదులు చెప్పడానికి ఆయన దగ్గర, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాట లేదు.

"యంత్రం మీ దగ్గరే ఉంటుంది," అంది డాక్టరమ్మ మౌనమునితో. "మీరు ఎప్పుడైనా మీ పోటు చూసుకున్నారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇలా కూర్చోండి."

పట్టీ చుట్టారు. రేడియో బయట మెట్టు మీద ఉన్నాడు. వీధంతా రెప్ప వేయకుండా చూస్తోంది. అంత నిశ్శబ్దంలో అంకె వచ్చింది. అది ఆ నెలలో రేడియో సెలూన్‌లో వచ్చిన అంకెలన్నిటికంటే ఎక్కువ. డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. రెండో చేతికి కట్టింది, యంత్రం మార్చింది. అంకె మాత్రం మారలేదు.

"తలనొప్పి వస్తుంటుందా?"

"వస్తుంది."

"చాలా రోజులనుంచా?"

"ఊఁ."

"ఎవరికైనా చెప్పారా?"

అతను మళ్లీ తల అడ్డంగా ఊపాడు. ఈ నవ్వులూ ఫిర్యాదులూ అన్నీ రేడియోకి ఒక్కసారిగా చిన్నవైపోయాయి. లేచి వచ్చి బావమరిది జబ్బ పట్టుకున్నాడు.

"పద," అన్నాడు.

ఆటోలో ఒక పక్క అక్క కళ్లొత్తుకుంటూ తమ్ముడి చేయి పట్టుకుంది. ఇంకో పక్క రేడియో పెదవి విప్పకుండా కూర్చున్నాడు. మాట్లాడితే పోటు ఇంకా పెరుగుతుందేమోనని ఆయన భయం. సగం దారి గడిచాక మౌనముని నెమ్మదిగా నోరు తెరిచాడు.

"బావా, ఏదైనా మాట్లాడు. నువ్వు ఇలా ఉంటే నాకు భయంగా ఉంది."

రేడియో గొంతు సవరించుకుని, ఆటోల కిరాయి విధానంతో మొదలుపెట్టాడు. ఆస్పత్రి గేటు వచ్చేదాకా ఆపలేదు. బావమరిది కళ్లు మూసుకుని వింటూ, మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని పెద్ద డాక్టరు చెప్పాడు. రేడియో ఫిర్యాదు చేయకపోతే తనిఖీ లేదు, తనిఖీ లేకపోతే ఆ అంకె లేదు. ఈ సంగతి వీధిలో అందరికంటే ముందు చెప్పింది రేడియో కాదు, ఆయన భార్య. ట్యాంకరు బారులో నిలబడి, తల ఎత్తి, ఎవరూ అడగకుండానే చెప్పింది. మరో రెండు రోజులకు కుళాయిలు వచ్చాయి. ఉప్పు డబ్బాలు అటక దిగాయి. తమ్ముడూ అక్కా ఒకే రకం మాత్రలు వేసుకుంటుంటే, అది వాళ్ల పుట్టింటి జబ్బేనని పెద్ద డాక్టరు చేత చెప్పించి మరీ రేడియో రుజువు చేసుకున్నాడు.

శాఖ వారు యంత్రాలు రెండింటినీ ఎక్కడివక్కడే ఉంచారు. దాంతోపాటు అన్ని సెలూన్లకూ కొత్త ఉత్తర్వు ఒకటి వచ్చింది. పోటు చూసేవాళ్లు ముందు తమ పోటు చూసుకోవాలి, యంత్రం పనిచేస్తున్నంతసేపూ మౌనంగా ఉండాలి. ఒకానొక వీధిలో జరిగిన పరిశీలనను బట్టి ఈ నిర్ణయం తీసుకున్నట్టు అందులో రాసి ఉంది.

"ఒకానొక వీధి అంటే ఏ వీధి అనుకున్నారు? ఇదే," అన్నాడు రేడియో, హెడ్మాస్టరు మెడకు గుడ్డ కడుతూ. "జీవితమంతా ప్రభుత్వ విధానాల గురించి మాట్లాడాను మాస్టారూ. ఇప్పుడు నేనే ఒక విధానమయ్యాను."

"మంచిదే. ఇంతకీ బళ్లలో ఫోన్ల సంగతి ఏమైంది? నీతో వాదించి చాలా రోజులైంది. ఇంట్లో నాతో ఎవరూ వాదించరు," అన్నాడు హెడ్మాస్టరు.

"ఉండండి, ముందు చెయ్యి ఇటివ్వండి," అని రేడియో పట్టీ చుట్టి, పెదవులు బిగించి, అంకె పచ్చగా వెలిగేదాకా అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఆ ఉత్తర్వులోని లోపాల గురించి ఆయన పట్టీ విప్పాకే మొదలుపెట్టాడు.