బాంబు కాసేపు ఆగుతుంది

సూట్‌కేసులో నర్సు యూనిఫాంలు నాలుగు, ఓడలో వాంతులకు నిమ్మకాయలు అరడజను, ఎండు రొయ్యల పొడి ఒక డబ్బా. మా మనవరాలు సాయిలక్ష్మి ఈ దీవులకు చిట్టచివరనున్న క్యాంప్‌బెల్ బే ఆసుపత్రిలో చేరడానికి సర్దుకుంటోంది. నేను పక్కన కూర్చుని ప్రపంచ సంరక్షణ గురించి ఆలోచిస్తున్నాను.

పాఠకులారా, నిర్భయంగా చెప్తున్నాను. సూపర్‌హీరో సీరియళ్లలో కుటుంబ గొడవలు ఎక్కువయ్యాయని, ఫైటింగులు తగ్గాయని ఏడ్చేవాళ్లకు బుద్ధి లేదు. ఫైటింగులు ఇంకా తగ్గించాలి!

నేను బడి మొహం చూడలేదు. మా ఊరి అబర్డీన్ బజార్లో పొట్లాలు కట్టిచ్చిన పాత పత్రికలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు రాదు. సీరియల్ కింద పడే తెలుగు అక్షరాలే నాకు ఆధారం. ఫైటింగ్ జరిగేటప్పుడు కింద ఏం రాస్తారు? ఏమీ రాయరు! భవనాలు కూలుతున్నంతసేపూ నేను నిరక్షరాస్యురాలినే. తండ్రీకొడుకులు దెబ్బలాడుకుంటేనే నా చదువు సార్థకం.

ఆ కుటుంబాల ఓపిక చూడండి. బాంబు పేలడానికి పది సెకన్లుంటాయి. హీరో తల్లి వైపు తిరిగి, చిన్నప్పుడు నన్నెందుకు వదిలేశావని అడుగుతాడు. తల్లి పదకొండు నిమిషాలు జవాబు చెప్తుంది. బాంబు పేలిందా? లేదు! ఇంకా ఆరు సెకన్లున్నాయి. నగరాన్ని మింగడానికి వచ్చిన రాక్షసుడు, అక్కాచెల్లెళ్ల ఏడుపు ముగిసేదాకా నోరు తెరుచుకుని నిలబడతాడు. అంత మర్యాదస్తుడు మిడిల్ పాయింట్ ఆటోస్టాండులో ఒక్కడైనా ఉన్నాడా?

పైగా అక్కడ చచ్చినవాడు రెండో సీజన్‌కి గడ్డం పెంచుకుని వస్తాడు. భార్య చెంప మీద ఒకటిచ్చి, ఆ తరువాత అన్నం పెడుతుంది. ఇంతకన్నా ధర్మంగా నడిచే కథ ఉందా?

అందుకని ఆ పద్ధతిని మా డెలానీపూర్ ఇంట్లో అమలు చేశాను. సాయిలక్ష్మి ఈ బదిలీ నాకు చెప్పకుండా తనే అడిగి వేయించుకుంది. రెండు రోజుల ఓడ ప్రయాణమంత దూరం! నేను తిట్టాను, తనూ తిట్టింది. నాలుగు రోజులుగా మాటల్లేవు. మాటల్లేకుండా ఆ పిల్ల ఓడ ఎక్కకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

"అమ్మమ్మా, నా ఐలాండర్ కార్డు ఏదీ? ఓడరేవు గేటు కాడ అడుగుతారు!"

నాలుగు రోజుల్లో మొదటి మాట. పద్ధతి పనిచేస్తోంది!

"నా కాడే ఉంది. ముందు కూకో. మాటాడాల."

"అరే, పాగల్ అయిపోయావేటి? మూడింటికి గేటు బంద్!"

"సీరియల్లో ఆళ్లు బాంబు ముందర ఎట్టుకుని మాటాడుకుంటన్నారే!"

"ఆ బాంబు డైరెక్టర్ చేతిలో ఉంటాది. ఈ ఓడ నీ చేతిలోనూ నేదు, నా చేతిలోనూ నేదు. జల్దీ ఇయ్యి!"

గడియారం చూశాను. రెండూ నలభై. నేను పదకొండు నిమిషాల డైలాగు సిద్ధం చేసుకున్నాను. నా బాల్యం నుంచి మొదలవుతుంది. ముల్లు మాత్రం మా కుటుంబ వ్యవహారాల్లో ఆసక్తి చూపలేదు. రెండూ నలభై రెండు. నలభై మూడు. బొడ్లోంచి కార్డు తీసి ఇచ్చేశాను.

"కోపం పోయిందేటే?" అన్నాను.

"పోనేదు. దిగినాక ఫోన్ చేసి తిడతాను," అని నా బుగ్గ గిల్లి ఆటో ఎక్కింది.

సీరియళ్లు తీసేవారికి ఇదే నా మనవి. ఫైటింగులు ఎన్నయినా పెట్టుకోండి, నేను ఊరికే కూర్చుంటాను. కానీ ఇంట్లోవాళ్లు మాట్లాడుకునేటప్పుడు దయచేసి బాంబును ఆపకండి. మాట మధ్యలో పేలనివ్వండి. చూసేవాళ్లు కాస్త ముందే మాట్లాడుకుంటారు.

మా ఆయన జోగులు, నాతో మాటల్లేకుండా చేపల వేటకు పడవెక్కింది 1989 నవంబరు పదకొండున. తిరిగి రాలేదు.