గున్నమ్మకు బాగోలేదు

నీలవేణి ఆ మంగళవారం ఏడవడానికి అరగంట కేటాయించుకుంది. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా. అంతకు ముందు వీలు కాదు, పెద్దదానికి జడ వేసి బడికి పంపాలి. ఆ తరువాత అసలే వీలు కాదు, పక్కింట్లో వదిలిన రెండోవాడు పదింటికల్లా ఆకలని గోల పెడతాడు. పదకొండింటికి ఆదివారపు బడి పిల్లల కోసం అట్టల మీద బొమ్మలు అతికించాలి. మూడింటికి కోతపండుగ పాటల సాధన. పండుగ ఇంకా రెండు నెలలుంది కానీ తాయారు గొంతు దారికి రావడానికి ఆమాత్రం పడుతుంది. ఎలా చూసినా ఏడుపుకు ఆ అరగంటే మిగిలింది.

అది అరవయ్యెనిమిదో సంవత్సరం, ఆగస్టు నెల. గజపతినగరానికి మైలున్నర దూరంలో ఒక పేట, అందులో నలభై క్రైస్తవ కుటుంబాలు, ఒక పెంకుల చర్చి. కిందటి ఏడాది సరిగ్గా అదే తేదీన నీలవేణి మూడో బిడ్డ, నాలుగు నెలల సామేలు, మూడు రోజుల జ్వరంతో పోయాడు. భర్త చినబాబు సాలూరులో లారీ ఆఫీసు గుమస్తా, శనివారం వచ్చి సోమవారం పోయే మనిషి. బిడ్డ పోయినప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉన్నాడు. "పరలోకంలో హాయిగా ఉన్నాడమ్మా, ఏడిస్తే విశ్వాసం లేనట్టు" అని అందరూ చెబితే నీలవేణి సరేనంది. నాలుగోరోజున ఆదివారపు బడిలో పాఠం చెప్పింది. సంఘమంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నాక ఏడవడం బాగుండదు కదా. అలా ఏడాది గడిచింది. ఈమధ్య పిల్లలకు అన్నం కలుపుతూ ఉంటే చెయ్యి దానంతటదే ఆగిపోతోంది. ఒక్కసారి వాడి దగ్గర కూర్చుని ఏడవకపోతే తాను ఇక ఎందుకూ పనికిరానని ఆమెకు తెలిసిపోయింది.

అయితే వాడి దగ్గరకు వెళ్లడమే కష్టం. పోయినవారి తేదీ గుర్తుపెట్టుకుని పూలు పట్టుకుని సమాధుల తోటకు పోవడం తద్దినం పెట్టినట్టేనని, విశ్వాసులు మానుకోవాలని, రెండేళ్ల కిందట పాస్టరుగారు తీర్మానం చేయించారు. స్త్రీల సమాజం కార్యదర్శి కనుక, దస్తూరి బాగుంటుంది కనుక, ఆ తీర్మానం రాసిందీ నీలవేణే, చర్చిలో నిలబడి గట్టిగా చదివిందీ నీలవేణే. అప్పటికి ఆ తోటలో ఆమెకు ఎవరూ లేరు.

అందుకని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. తెల్లచీర కట్టుకుంది. చేతిసంచిలో అరటాకులో చుట్టిన నందివర్ధనాలు పెట్టి, పైన బైబిలూ పాటల పుస్తకమూ పెట్టింది. పుస్తకాలు చూసినవాళ్లు పూల గురించి అడగరని ఆమె లెక్క. ఈ లెక్కలో ఒక చిన్న సంగతి మరిచిపోయింది. ఆ పేటలో మామూలు రోజున ఒక ఆడది తెల్లచీర కట్టి, బైబిలు పట్టుకుని వీధిలో నడిస్తే ఎవరింట్లోనో ప్రార్థన ఉన్నట్టు. చూసినవాళ్లు చేతిలో పని వదిలేసి వెంట రావాలి. ప్రార్థనకు పిలుపులేమిటి? రానివాళ్లకు ఆదివారం నాడు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. ఈ ఆచారాన్ని పేటలో బలంగా నాటింది కూడా నీలవేణే.

వీధి మలుపులో దాలమ్మ అరుగు మీద కూర్చుని మెత్తళ్ల తలలు గిల్లుతోంది. అరవై ఏళ్ల మనిషి, కంటిచూపు మందగించింది కానీ తెల్లచీర కనబడనంతగా కాదు.

"ఎవులింట్లోనే నీలేణీ, ప్రార్దన?"

నీలవేణి ఎదురుగా ఉన్న దారివైపు చూసింది. సమాధుల తోటకు వెళ్లే దారిలో చిట్టచివరి ఇల్లు ముసలి గున్నమ్మది. వేరే ఇల్లేదీ నోటికి రాలేదు.

"గున్నమ్మ పిన్నింట్లో అత్తా."

"ఏటి, జొరమా?"

"ఆఁ... ఏదో కొంచెం బాగోలేదట."

ఆమె ఆడిన అబద్ధం మొత్తం అంతే. దాలమ్మ చేపలు గిన్నెలో పడేసి, మూత పెట్టి, చేతులు కడుక్కుని బయలుదేరింది. "నువ్వెందుకత్తా ఈ ఎండలో" అని నీలవేణి అంటే, "గున్నమ్మకి బాగోనేకపోతే నాను రానా, నా సావుకి అది రావద్దా?" అంది.

రెండో మలుపులో తాయారు కలిసింది. ఆమెతో దాలమ్మ, "గున్నమ్మ మంచం దిగనేకపోతందట" అంది. నీలవేణి "అంత కాదత్తా" అనబోయింది. "నువ్వు సిన్నదానివి, నీకు తెల్దు. కొంచెమే అన్నారంటే మంచం దిగనేదన్నమాట" అని దాలమ్మ తేల్చేసింది. తాయారు ఇంట్లోకి పరుగెత్తి కంజిర పట్టుకొచ్చింది. కంజిర చప్పుడుకు మరో నలుగురు వచ్చారు. వాళ్లలో కూర్మమ్మ ఒకర్తె. ఆమె ఏ పనినైనా రేపటికి వదలని మనిషి. తాయారు చెప్పిన మాటను కాస్త ముందుకు జరిపి, "అన్నం మానేసినాదంటే మాట పడిపోయినట్టే. మాట పడిపోతే ఇంకెంతసేపు?" అంది.

అన్నం మానేసిందని ఎవరూ అనలేదు. కానీ ఆ సంగతి పట్టించుకునే తీరిక అప్పటికి ఎవరికీ లేదు.

"ఆగండప్పా, పిన్నికి ఏమీ కాలేదు, నేను ఊరికే..." అంది నీలవేణి. ఊరికే ఏమిటో చెప్పాలంటే పూల సంగతి చెప్పాలి. తీర్మానం చదివిన నోటితో ఆ మాట ఎలా చెబుతుంది?  ఆమె కళ్లలో నీళ్లు చూసి కూర్మమ్మకు సందేహం పూర్తిగా తీరిపోయింది.

"సూడండి, ఈ పిల్లకి అంతా తెలుసు, మనకి సెప్పనేకపోతంది పాపం" అని, తిన్నగా పాస్టరుగారింటికి నడిచింది. పాస్టరుగారు గడ్డం గీసుకుంటున్నారు, సగంలో ఉన్నారు. సబ్బు తుడుచుకుని, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే బల్ల ఆరాధన గిన్నెల కోసం వెదకడం మొదలుపెట్టారు. కూర్మమ్మ అంతటితో ఊరుకోలేదు. కిందటి నెలలో ఒక ముసలాయన్ని పూడ్చేటప్పుడు వాన పడి గొయ్యి నిండిపోయింది. సంఘపెద్దలు మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి చెంబులతో తోడవలసి వచ్చింది. ఆకాశం చూస్తే ఇవాళా మబ్బుగానే ఉంది. అందుకని ఎదురింట్లో ఉండే లక్ష్ముడిని లేపింది. గోతులు తవ్వడం అతని పని.

"వానొస్తాది లక్ష్ముడూ, ముందుగా తవ్వి, తాటాకు కప్పి ఉంచు."

లక్ష్ముడు మనిషి నిదానం కానీ చెప్పిన పని చేస్తాడు. గునపం భుజాన వేసుకుని పొలాలకు అడ్డంపడి పోయాడు. కూర్మమ్మ పరుగున వచ్చి మళ్లీ గుంపులో కలిసింది.

ఇవేవీ నీలవేణికి తెలియవు. దారిలో ఇంకొందరు చేరి, ఆమె పదకొండుమంది ఆడవాళ్ల ముందు నడుస్తోంది. తొమ్మిదీ పది అయింది. అరగంటలో పది నిమిషాలు అప్పుడే పోయాయి. తోట గోడ కనిపిస్తోంది. గోడకు అవతల జీడిచెట్టు కొమ్మ కనిపిస్తోంది. ఆ కొమ్మ కిందనే వాడున్నాడు. ఇంత దగ్గరకు వచ్చి గున్నమ్మ ఇంట్లో కంజిరతో పాటలు పాడి వెనక్కి పోవాలి. మళ్లీ ఏడాది దాకా వీలు చిక్కదు. ఆమెకు నవ్వూ ఏడుపూ కాని ఏదో పొంగుకొచ్చింది.

గున్నమ్మ వాకిట్లో కూర్చుని చేటతో చోళ్లు చెరుగుతోంది. డెబ్బై ఏళ్లు, కొయ్యలాంటి మనిషి. చేట ఎగరేసిన ఊపుకు ముగ్గురు ఆడవాళ్లు పొట్టు పడకుండా వెనక్కి తగ్గారు.

దాలమ్మ ముందుకు వచ్చింది. "ఒదినా, నువ్వు లెగకూడదు. పడుకో."

గున్నమ్మ ఆమెను చూసింది, వెనక ఉన్న గుంపును చూసింది, నీలవేణిని చూసింది, నీలవేణి సంచిలోంచి తొంగిచూస్తున్న అరటాకును చూసింది. తరువాత చేట పక్కన పెట్టి, బుద్ధిగా లోపలికి వెళ్లి మంచం మీద పడుకుంది.

"అవునమ్మా, బాగోనేదు" అంది. "ఒకటే నొప్పులు."

 తన అబద్ధం నిజమెలా అయిందో నీలవేణికి బోధపడలేదు. తాయారు కంజిర సవరించుకుంది. ఒకామె గంజి కాచడానికి పొయ్యి రాజేసింది. ఇంతలో ఇంటి వెనకనుంచి ధన్, ధన్ అని చప్పుడు వినిపించింది.

"అదేటి సప్పుడు?" అంది గున్నమ్మ.

"లక్ష్ముడు పిన్నీ, నీకోసమే. తొందరేం నేదు, నువ్వు నెమ్మదిగానే కానీ. వానొస్తాదని ముందుగా తవ్విస్తన్నాం" అంది కూర్మమ్మ ఓదార్పుగా.

గున్నమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "నాకు ఒంట్లో బాగోనేదన్నాను గానీ సచ్చిపోతన్నానన్నానేటే!"

నీలవేణి కూర్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎక్కడ తవ్వుతున్నాడప్పా?"

"జీడిసెట్టు పక్కన జాగా కాళీగానే ఉంది గదా, అక్కడ తవ్వమన్నాను."

అక్కడ ఖాళీ లేదు. పసిబిడ్డ మీద పోసిన మట్టి ఎంత? ఒక ఏడాది వానలకు నేలలో కలిసిపోయింది. గుర్తు పెట్టడానికి రాయి లేదు. ఉన్నది తల్లి కంటికే కనిపిస్తుంది. నీలవేణి సంచి పట్టుకునే పరుగెత్తింది. చీర కుచ్చిళ్లు కాలికి చుట్టుకుని గోడ దగ్గర ఒకసారి పడింది, లేచి మళ్లీ పరుగెత్తింది.

లక్ష్ముడు చీలమండ లోతు తవ్వాడు. అంచు ఇంకో జానెడు జరిగితే వాడే. నీలవేణి వెళ్లి ఆ జానెడు మీద రెండు చేతులూ చాచి బోర్లా పడింది.

"ఆపు లక్ష్ముడూ! నా పిల్లడున్నాడిక్కడ! నా సామేలున్నాడు!"

లక్ష్ముడు గునపం గాలిలోనే ఆపాడు. పదకొండుమందీ గోడ దగ్గరకు వచ్చి నిలబడ్డారు. సంచి బోర్లపడి బైబిలు ఒక పక్క, నందివర్ధనాలు ఒక పక్క చెదిరి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు ఒక చెంప నున్నగా, ఒక చెంప గడ్డంతో సైకిలు దిగారు. పూలను చూశారు. తేదీ లెక్క వేసుకున్నారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు మెల్లగా. "మనం తీర్మానం చేసుకున్నాం. మీరే చదివారు."

నీలవేణి తల ఎత్తలేదు. "చదివానండి. అప్పుడు నాకు తెలియదండి" అంది.

 వెనకనుంచి గున్నమ్మ ఆడవాళ్లను తోసుకుంటూ వచ్చింది, మంచం మీద కప్పిన దుప్పటితో సహా.

"దాన్నేటి అడుగుతారు బాబూ, నన్నడగండి. దాలమ్మా, నీ కూతురి దినాన నువ్వేటని సెప్పి వస్తావు? గున్నమ్మకి కడుపునొప్పి అని. తాయారూ, నీ బాబు పోయిన దినాన నాకు ఆయాసం. కూర్మమ్మ మొగుడి దినానికి నాకు పచ్చవాతం. అందరూ ఒక్కొక్కలే వస్తారు, నన్ను పలకరించి, గోడెనక్కి పోతారు. ఏడాదిలో నాకెన్ని జబ్బులో నాకే తెల్దు. అదలా ఉంచండి, గొయ్యి మాత్రం ఇయ్యేళే తవ్వినారు."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కూర్మమ్మ ఏడుస్తోంది. గున్నమ్మ పాస్టరుగారి వైపు తిరిగింది. గొంతు కాస్త తగ్గించింది, కానీ అందరికీ వినబడింది.

"మరి మీరు, క్రిస్మస్సెల్లిన రెండో వారంలో వచ్చి నా మోకాళ్లకి ప్రార్దన సేసినారు. మన పాస్టరమ్మగోరు పోయిన దినమది. నా మోకాళ్లు బాగానే ఉన్నాయని నాను సెప్పనేదు గదా బాబూ."

పాస్టరుగారు సైకిలు గంటను చాలాసేపు పరీక్షగా చూశారు. దానికి లోపమేమీ లేదు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"గున్నమ్మగారికి నిజంగానే ఒంట్లో బాగోలేదు. అందరూ లోపలికి పదండి, ప్రార్థన చేద్దాం. కార్యదర్శిగారు... తరువాత వస్తారు."

అందరూ వెళ్లిపోయారు. కాసేపటికి ఇంట్లోంచి పాట మొదలైంది. తాయారు ఉన్న గొంతంతా పెట్టి పాడుతోంది, కంజిర పగిలిపోయేలా కొడుతోంది. తక్కినవాళ్లు కూడా గొంతులు చించుకుంటున్నారు. ఆ మోతలో ఎవరు ఏడ్చినా బయటికి వినబడదు. అందుకే అంత గట్టిగా పాడుతున్నారని నీలవేణికి అర్థమైంది. అర్థం కాగానే ఏడాదిగా రాని ఏడుపు వచ్చింది. మట్టిని పట్టుకుని, కొడుకు పేరు పిలుస్తూ, సిగ్గు లేకుండా ఏడ్చింది. వాడి ఒళ్లు కాలిపోతున్న ఆ మూడో రాత్రి తాను కునుకు తీసినందుకు ఏడ్చింది. నాలుగోరోజు పాఠం చెప్పినందుకు ఏడ్చింది. లక్ష్ముడు అటు తిరిగి, తవ్విన మట్టి మళ్లీ గోతిలో నింపాడు. తరువాత గోడ వెంట తిరిగి తెల్లరాళ్లు నాలుగు ఏరుకొచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

లోపల వాళ్లకు వచ్చిన పాటలు అయిపోయాయి. నీలవేణి ఇంకా రాలేదు. మళ్లీ మొదటి పాట నుంచి ఎత్తుకున్నారు. ఆమె లేచేసరికి పదకొండు దాటింది. పక్కింట్లో రెండోవాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడట.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రకటనల్లో ఒక మాట చెప్పారు. గున్నమ్మగారి ఆరోగ్యం ఆందోళనకరంగా ఉంది కనుక సంఘస్తులు ఎవరికి వీలైన రోజున వారు వెళ్లి చూసి రావాలని, గుంపుగా కాకుండా ఒక్కొక్కరే వెళితే రోగికి మంచిదని. తీర్మానం సంగతి ఆయన ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు.

గున్నమ్మ ఆ తరువాత పదమూడేళ్లు బతికింది. సంఘానికి తెలిసినంతవరకు ఒక్కరోజు కూడా కోలుకోలేదు.