రక్తపోటు ఇన్‌చార్జి

సర్పగంధి వేరు రసం తాగిన మనిషికి రక్తపోటు వెంటనే దిగి, పక్కన కూర్చున్న మనిషికి ఎక్కుతోందని మూలికా పరిశోధన కేంద్రంలో తేలింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఎలుకల్లోనూ ఇదే జరిగింది. మందు తాగిన ఎలుక కునుకు తీస్తే, పక్క బోనులోది ఇనపచువ్వలు కొరికింది. మందు పనిచేస్తోందనే రాసుకున్నారు. పనిచేస్తోంది కదా మరి!

దిగిన పోటు ఎక్కడో ఒకచోట ఉండాలి. సెలవు పెట్టిన అధికారి సీటును ఇంకొకరికి ఇన్‌చార్జిగా అప్పగించడం ఆఫీసుల్లో ఉన్నదే కాబట్టి, దీన్నీ అలాగే అప్పగిద్దామన్నారు. పర్మినెంటు ఉద్యోగులకు అప్పగించడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాంట్రాక్టు అటెండరు ఎర్నాయుడున్నాడు. అతని విషయంలో నిబంధనలు అన్నిటికీ ఒప్పుకుంటాయి.

డైరెక్టరుగారి పోటు, సూపరింటెండెంటుగారి పోటు, మార్చి నెలలో అకౌంట్సు సెక్షను మొత్తం పోటు అతనే మోశాడు. కణతలు అదిరేవి, మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్మేవి. పాపం, నోరెత్తేవాడు కాదు. పర్మినెంటు చేస్తామన్న మాట ఒకటుంది. ఆఫీసు మాత్రం చల్లగా నడిచేది.

చివరికి పర్మినెంటు ఆర్డరు వచ్చింది. చేరాలంటే వైద్యపరీక్ష పాసవ్వాలి, రక్తపోటు ఉన్నవాళ్ళు పనికిరారు. ఎర్నాయుడు ఈ ప్రయోగం చూసే డాక్టర్ వేదవల్లి దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, ఆ రసం నాకూ ఓ గుక్క ఇప్పించండి. ఇన్నేళ్ళూ మోసినాను. ఈపాలి తప్పిపోతే ఇంకీ జన్మకి రాదు."

"ఇస్తానయ్యా. పక్కన ఎవరు కూర్చుంటారు?"

"మా ఇంటిదాన్ని తెస్తాను."

మర్నాడు అతని భార్య గౌరి వచ్చి బెంచీ చివర కూర్చుంది.

"సూదేటైనా గుచ్చుతారేటండీ?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, ఊరికే కూర్చో" అంది డాక్టరు.

ఎర్నాయుడు రసం తాగాడు. గౌరి గభాలున బెంచీ అంచు పట్టుకుంది. "తల తిరిగినట్టుంది. అదే సర్దుకుంటాది లెండి" అంది.

అతను పరీక్ష పాసయ్యాడు, పర్మినెంటు అయ్యాడు. పోటు వెనక్కి తీసుకుంటానని నిజాయితీగానే అడిగాడు. పర్మినెంటు ఉద్యోగికి అప్పగించడం కుదరదన్నారు. పైగా ఉద్యోగుల ఇళ్ళు ప్రయోగం పరిధిలోకి రావట. మందువల్ల దుష్ఫలితాలేమీ లేవని నివేదిక పైకి వెళ్ళింది.

ఇప్పుడతను సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని హాయిగా టీవీ చూస్తాడు. మొన్న గౌరి చేతిలోంచి గిన్నె జారి పప్పంతా నేలపాలైంది. ఆఫీసంతటి పోటునూ అణచుకుంటూ ఆమె గోడ పట్టుకుని నిలబడింది. ఎర్నాయుడికి నిజంగానే జాలేసింది.

"అంత టెన్సను పడకే గౌరీ" అన్నాడు ప్రేమగా. "నన్ను సూడు, ఎంత పెశాంతంగా ఉన్నానో. ఒళ్ళు పాడుసేసుకోకు."

"అలాగే" అని ఆమె మళ్ళీ పప్పు కడగడానికి వెళ్ళింది.