చిలకమ్మ గారి పేషెంటు

తెల్లవారుతూనే చిలకమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వంట చెయ్యాలి, మొగుడికి కడుపు నిండా పెట్టాలి, ఆ తరవాత అతని దవడా, కుడిచెయ్యీ, ఎడమకాలూ కట్టేసి రిక్షాలో మహారాణిపేట తీసుకుపోవాలి. మధ్యాహ్నం మూడింటికి అక్కడి స్కూల్లో ఆమెకి పరీక్ష. యాభై ఆరేళ్ళు వచ్చాక అదే ఆమె మొదటి పరీక్ష. అదీ పెన్నుతో కాదు, గుడ్డతో.

అది డెబ్బై ఒకటో సంవత్సరం, నవంబరు నెలాఖరు. యుద్ధం వస్తుందని, వస్తే ముందు విశాఖపట్నానికే వస్తుందని ఊరంతా అనుకుంటున్న రోజులు. కిటికీ అద్దాలకి నల్లకాగితాలు అంటించారు. ఎవరికైనా దెబ్బ తగిలితే డాక్టరు దగ్గరికి చేరేలోగా ఏం చెయ్యాలో ఆడవాళ్ళకి నేర్పడానికి పద్మావతి అనే నర్సు సిస్టరు వారానికి మూడు రోజులు అల్లిపురం వచ్చేది. చిలకమ్మ ఆ క్లాసుకి వెళ్ళింది నేర్చుకుందామని కాదు, ఇంట్లో పొద్దుపోక. పదమూడో ఏట పొయ్యి ముందు కూర్చున్న మనిషి, నలుగురు పిల్లల్ని పెంచింది, అందరికీ పెళ్ళిళ్ళు చేసింది, చివరికి పొయ్యిని కోడలికి అప్పగించింది. ఇక ఆమెకి మిగిలినవి రెండే పనులు. బియ్యంలో రాళ్ళు ఏరడం, పొగాకు నానబెట్టి చుట్టలు చుట్టడం.

ఆ చుట్టలే ఆమెని కాపాడాయి. మొదటి రోజున సిస్టరు తలా ఒక గుడ్డచుట్ట ఇచ్చి చేతికి కట్టు కట్టమంది. అందరి కట్లూ లంగా బొందుల్లా జారిపోయాయి. చిలకమ్మ కట్టు మాత్రం చేతికి చర్మంలా అతుక్కుని కూర్చుంది. సిస్టరు ఆ కట్టుని అటూ ఇటూ తిప్పి చూసి, "చిలకమ్మ గారూ, ఈ చేతులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?" అంది. తన పేరు వెనక 'గారు' అన్న ముక్క తగిలించి పిలవగా వినడం చిలకమ్మకి అదే మొదలు. ఇంటికి వచ్చాక కూడా ఆ ముక్క చెవిలో చాలాసేపు మోగింది.

పరీక్ష నెగ్గితే చేతికి కట్టుకునే పట్టీ ఇస్తారు, ఈల ఇస్తారు, వీధి మొత్తానికి ఒక మందుల పెట్టె అప్పగిస్తారు. తప్పితే మళ్ళీ బియ్యంలో రాళ్ళే. పరీక్ష కూడా ఒక్కసారే పెడతారు. ఎవరి పేషెంటుని వాళ్ళే తెచ్చుకోవాలి. పిల్లలు పనికిరారు, ముదురు ఎముకలు కావాలి.

ఇంట్లో ఉన్న ముదురు ఎముకలు సూరన్నవి. పోర్టులో ముప్ఫై ఏళ్ళు ఓడల సరుకు ఎత్తే వించి నడిపి, రెండేళ్ళ క్రితం రిటైరైన మనిషి. కొడుకు డ్యూటీలో ఉంటాడు, కోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి అనకాపల్లి వెళ్ళింది. ఇక వేరే దారి లేదు.

"నాను బతికుండగానే పాడె కట్టేత్తావేటే?" అన్నాడు సూరన్న.

"పాడె కాదు మావా, కట్టు. పాడెలు కట్టడానికి నన్నెవులు పిలుత్తారు?"

"ఈదిలో ఎవులైనా సూత్తే నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

"మొకం సగం కట్లోనే ఉంటాది కదా. ఎవులు గుర్తడతారు?"

నాలుగు రోజులు నడిచింది ఈ బేరం. అయిదో రోజున చిలకమ్మ కోనెం చేప ముక్కల పులుసు పెడతానంది. సూరన్న చాలాసేపు ఆలోచించినట్టు నటించి ఒప్పుకున్నాడు. కట్టు ఇంట్లోనే కట్టాలి, రిక్షాకి పరదా ఉండాలి, కట్టేముందే పులుసు పెట్టాలి. ఇవీ షరతులు.

ఆ ప్రకారమే పదకొండింటికల్లా సూరన్న రెండుసార్లు వడ్డించుకుని తిని నులక మంచం మీద వాలాడు. మిగిలిన పులుసు దాకని చిలకమ్మ ఉట్టి మీద పెట్టి పని మొదలుపెట్టింది. నడినెత్తి మీంచి గడ్డం కిందకి దవడకట్టు. కుడిచేతికి మెడలోంచి వేలాడే జోలెకట్టు. ఎడమకాలికి అటూ ఇటూ రెండు వెదురు బద్దలు పెట్టి తొడదాకా చుట్టుడుకట్టు. కట్టు పూర్తయ్యేసరికి సూరన్న గుర్రు పెడుతున్నాడు. దవడ బిగిసి ఉండడంవల్ల ఆ గుర్రు మూలుగులా వినిపించింది.

పేషెంటుకి ఏమైందో చీటీ రాసి గుండెకి తగిలించాలని సిస్టరు నేర్పింది. ఎదురింటి మేడమీద ఉండే తాయారు, గోదావరి జిల్లా పిల్ల, రైల్వే గుమాస్తా భార్య, ముందు రోజే గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. "దవడ విరిగినది. కుడి చేయి విరిగినది. ఎడమ కాలు విరిగినది. మాట్లాడించరాదు. కదిలించరాదు." చిలకమ్మ దాన్ని తగిలించబోయి చూసుకుంటే పిన్నీసులు మూడే ఉన్నాయి. ఒకటి చీటీకి పెట్టేసింది, రెండు జోలెకి సరిపోయాయి, కాలికట్టుకి లేవు. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి పిన్నీసులు కొనుక్కుని, అటునుంచి అటే వీర్రాజు రిక్షా మాట్లాడుకొద్దామని తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది.

ఆమె అటు వెళ్ళగానే గురునాథరావు గారు ఇటు వచ్చారు. పోస్టాఫీసులో రిటైరైన పెద్దమనిషి. రోజూ పేపరు కొని వీధికంతా చదివి వినిపిస్తారు. పేపర్లో లేనిది కూడా కొంత కలిపే చదువుతారు. ఆ రోజు చదివిన యుద్ధం వార్త సూరన్నకి చెబుదామని తలుపు తోశారు. ఆ మనిషిని చూశారు. కళ్ళజోడు సర్దుకుని చీటీ చదివారు. ఆ తరవాత ఆయన పెట్టిన కేకకి వీధంతా ఆ గదిలోకి వచ్చేసింది.

సూరన్న కళ్ళు తెరిచేసరికి మంచం చుట్టూ పదిహేను మొహాలు ఉన్నాయి. తనకేమీ కాలేదని చెప్పబోతే "మ్మ్, మ్మ్" అని మాత్రమే వచ్చింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నొప్పికి తల కొట్టుకుంటన్నాడు పాపం," అందొక ముసలామె.

"సూరన్నా, ఎలా జరిగింది నాయనా? చేత్తో చూపించు చాలు," అన్నారు గురునాథరావు గారు.

సరిగ్గా అప్పుడే సూరన్నకి పైన వాసం మీద పిల్లి కనబడింది. అది ఉట్టి మీదికి ఒక కాలు చాపింది. సూరన్న కట్టులేని ఎడమచేతిని ఎత్తి ఆత్రంగా పైకి చూపించాడు. అందరూ పైకి చూశారు. అప్పటికి పిల్లి చాటుకి తప్పుకుంది. వాళ్ళకి కనిపించింది కప్పులో పెంకు లేని కన్నం, అందులోంచి ఆకాశం.

"పైనించి పడింది," అన్నారు గురునాథరావు గారు. గొంతు తగ్గించి, "బాంబు," అన్నారు.

"మరి సప్పుడవలేదేటి?" అన్నాడొకడు.

"కొత్తరకం. ఇవాళ పేపర్లో కూడా ఉంది. చూడండి, సర్కారువాళ్ళు అప్పుడే వచ్చి కట్టు కట్టి చీటీ కూడా పెట్టి వెళ్ళిపోయారు. మనల్ని కంగారుపెట్టకూడదని చెప్పలేదు, అంతే. కదిలించరాదని రాశారు కాబట్టి మంచంతో సహా ఎత్తండి."

అలా నలుగురు మంచం నాలుగు కోళ్ళూ భుజాన పెట్టుకుని, కట్టు లాక్కోబోతున్న ఎడమచేతిని ఇంకొకడు పట్టుకుని, సూరన్నని పెద్దాసుపత్రికి బయల్దేరదీశారు. దారిలో సైకిళ్ళవాళ్ళు దిగి నిలబడ్డారు. ఒకాయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. వీధిలో ఎవరూ చూడకూడదన్న షరతు మీద ఒప్పుకున్న సూరన్నని ఆ రోజు సగం ఊరు చూసింది.

చిలకమ్మ రిక్షాతో తిరిగొచ్చేసరికి వీధి సంతలా ఉంది. పరుపుచుట్టలు, ఇత్తడి బిందెలు, కోళ్ళ గంపలు గుమ్మాల్లోకి వచ్చేశాయి. తాయారు కుట్టుమిషను చంకలో పెట్టుకుని మేడ దిగుతోంది.

"పిన్నిగారండీ, బాంబు పడిందండీ. మీ ఇంట్లోనేనండీ. బాబాయిగారిని ఆసుపత్రికి మోసుకుపోయారండీ."

చిలకమ్మ ఒక్క అంగలో ఇంట్లోకి వెళ్ళింది. మంచం లేదు. మొగుడు లేడు. పిల్లి దాకలో తల పెట్టి తీరిగ్గా పులుసు తింటోంది. కన్నం మూడు వానాకాలాల నుంచీ ఎంత ఉందో అంతే ఉంది. ఊపిరి వెనక్కి వచ్చింది. దానితోపాటే ఇంకో సంగతీ గుర్తొచ్చింది. టైము రెండు. పరీక్ష మూడింటికి. పేషెంటు లేడు.

"బాంబూ నేదు, ఏటీ నేదు. అవి నాను కట్టిన కట్లే. మీరు సామాన్లు లోపలెట్టుకోండి. తాయారమ్మా, నువ్వైనా సెప్పవే, ఆ సీటీ రాసింది నువ్వే కదేటి," అంటూ రిక్షా ఎక్కింది.

ఈ మాట తాయారు ఒక్కతే విని నోరు వెళ్ళబెట్టింది. మిగిలినవాళ్ళు విన్నది లేదు, చూసింది ఉంది. క్లాసుకి వెళ్ళిన మనిషి, ఇల్లు కూడా తాళం వెయ్యకుండా, రిక్షా ఎక్కి ఒక దిక్కుకి పోతోంది. ఎక్కడ దాక్కోవాలో సర్కారు ఈవిడకి చెప్పి ఉంటుంది. ఇంకేం ఆలోచిస్తారు? కోళ్ళ గంపలతో సహా ఆమె వెనక పడ్డారు.

"అత్తా, యెనక నలభై మందున్నారు," అన్నాడు వీర్రాజు తొక్కుతూ.

"సూడకు. తొక్కు."

ఆసుపత్రిలో సూరన్నని ఇనప మంచం మీదికి మార్చారు. తలవైపు ఎవరో పెట్టిన అరటిపళ్ళు, బత్తాయిలు గుట్టగా ఉన్నాయి. ఒక కుర్ర డాక్టరు కట్టుని తడిమి చూసి మురిసిపోతున్నాడు.

"ఎవరో బాగా తెలిసినవాళ్ళు కట్టిన కట్టు ఇది. మిలిటరీ వాళ్ళయి ఉంటారు. పెద్ద డాక్టరుగారు చూసేదాకా ఎవరూ విప్పకండి."

"బాబూ, అది నానే కట్టాను. ఈయనకేటీ అవనేదు. నాకు పరీచ్చ ఉంది, ఈయన్ని ఒగ్గీండి, ఎలిపోతాం," అంది చిలకమ్మ ఆయాసంతో.

డాక్టరు జాలిగా చూశాడు. "మీరు షాక్‌లో ఉన్నారమ్మా. కూర్చోండి."

"షాకైతే ఒళ్ళు సల్లబడతాది, సెమట్లడతాయి, నాడి సన్నగా గబగబా కొట్టుకుంటాది. ఇదిగో నా సెయ్యి. పట్టుకుని సూడు."

డాక్టరు పట్టుకుని చూశాడు. చెయ్యి వెచ్చగా ఉంది. ఇంకోసారి కట్టుని చూశాడు, ఆమె వేళ్ళు చూశాడు. "అయితే విప్పి చూపించండి," అన్నాడు.

గోడ గడియారం మూడుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సూరన్న కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఇప్పుడు విప్పితే ఇక ఈ జన్మలో అతన్ని మళ్ళీ కట్టనివ్వడని చిలకమ్మకి తెలుసు.

"మూడున్నరకి ఇప్పుతాను బాబూ," అంది.

ఇంతలో గేటు దగ్గర గోల. వీధి మొత్తం వచ్చేసింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చిన గురునాథరావు గారు ఆ ఊపులో తన ట్రంకుపెట్టె మీద తనే పడ్డారు. చిలకమ్మ వెళ్ళేసరికి నేల మీద ఉన్నారు. మోకాలు చిట్లి రక్తం కారుతోంది, మడమ అప్పుడే గుమ్మడికాయలా పొంగుతోంది. తన రక్తం తనే చూసుకుని ఆయన మొహం పాలిపోయింది.

చిలకమ్మ వెనక్కి తిరిగి లోపలికి పరిగెత్తింది. ఆసుపత్రిలో గుడ్డకి కరువని కాదు. ఆ క్షణంలో ఆమెకి తన గుడ్డే గుర్తొచ్చింది. సూరన్న కాలికట్టు చకచకా విప్పేసింది, వెదురు బద్దలు తీసుకుంది, జోలె కూడా ఊడబెరికింది. తాను విప్పుతున్నది పరీక్షనే అని తెలుస్తూనే ఉంది. చేతులు మాత్రం ఆగలేదు.

"అందరూ యెనక్కి జరగండి. గాలి రానియ్యండి. రావుగారూ, కాలేపు సూడకండి, నా మొకం సూడండి. మీ పేపర్లో ఇయ్యాల ఏటున్నాదో సెప్పండి."

ఆయన వణుకుతూ చెప్పడం మొదలుపెట్టారు. రెండో వార్త అయ్యేలోగా మోకాలి మీద రక్తం ఆగింది, మడమకి ఎనిమిది అంకెలా కట్టు పడింది, కాలు బద్దల మధ్య కదలకుండా కూర్చుంది. సాయం చేద్దామని ముందుకు వచ్చిన కుర్ర డాక్టరుని వెనకనించి ఎవరో చొక్కా పట్టుకుని ఆపారు.

"ఆగండి డాక్టర్. పరీక్ష నడుస్తోంది," అంది పద్మావతి సిస్టరు.

దెబ్బ తగిలినవాళ్ళని చూద్దామని ఆమె పక్కనున్న స్కూలు నుంచి నడిచి వచ్చింది. అక్కడ పరీక్షకి వచ్చిన పదకొండు మందీ బాంబు మాట విని పేషెంట్లతో సహా పారిపోయారు. అందరికంటే ముందు పరిగెత్తినవాడు రెండు కాళ్ళూ విరిగిన పేషెంటట.

చిలకమ్మ లేచి చేతులు తుడుచుకుంది. "నా పేసెంటుని ఇప్పీసాను సిస్టరమ్మా. పరీచ్చ పోయింది కదా."

"పోలేదు. వందకి తొంభై." సిస్టరు వంగి మడమకట్టుని వేలితో మీటి చూసింది. తాయారు అప్పటికే పొద్దున్నించీ జరిగినదంతా ఆమె చెవిలో ఊదేసింది. "పేషెంటుని ఒంటరిగా వదిలేసి పిన్నీసులకి వెళ్ళినందుకు పది తగ్గించాను."

"మరి నలభై మందిని ఇక్కడిదాకా లాక్కొచ్చినందుకండీ?" అంది తాయారు.

"అది పరీక్షలో లేదు."

చిలకమ్మ లోపలికి వెళ్ళి సూరన్న దవడకట్టు విప్పింది. పొద్దున్నించీ దాచుకున్న తిట్లన్నీ ఇప్పుడు ఊడిపడతాయని కొంగు బిగించి నిలబడింది. సూరన్న దవడ అటూ ఇటూ ఆడించుకున్నాడు. గుమ్మంలో జనం, బత్తాయిలు, అందరూ తనవైపే చూడడం గమనించాడు.

"నాలుగింటికి పాలూ రొట్టీ ఇత్తారని పక్క మంచం ఓడు సెప్పేడు," అన్నాడు మెల్లగా. "నువ్వెల్లు. నాను తాగీసి ఒత్తాను."

పట్టీ, ఈల, మందుల పెట్టె మర్నాడే అల్లిపురం వచ్చాయి. చిలకమ్మ పట్టీ కట్టుకుని పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి వీధి ఈ చివర్నించి ఆ చివరికి నడిచేది, ఎవరికైనా అవసరం పడిందేమోనని ఒక్కొక్క గుమ్మంలోకీ తొంగిచూస్తూ. ఆ తరవాత మూడు నెలలపాటు ఆ వీధిలో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. తగిలినా ఎవరూ ఒప్పుకోలేదు.