మూడో తరగతి గది కప్పుకు జరిగిన మరమ్మతు

ప్రకటించేదాకా ఏదీ జరిగినట్టు కాదు. ప్రకటించాక ఏదీ జరగకుండా ఉండటానికి వీల్లేదు. గ్రామీణ పాఠశాలల మండలి మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉంది. (మండలి కార్యాలయం మాత్రం అదనంగా మంచి సిమెంటు మీద కూడా నిలబడి ఉంది.)

సోమవారం పొద్దున 'బడిగంట' అనే యాప్ టింగుమనగానే, మండలి పరిధిలోని తల్లిదండ్రులందరికీ తమ పిల్లల బడిలో ఏమేం మంచి జరిగిందో తెలిసిపోతుంది. చెడు జరిగే ఏర్పాటు ఆ యాప్‌లో లేదు. బడి బస్సు గేర్‌బాక్సు ఊడి షెడ్డుకు చేరిన ఏడాదిని 'ఆరోగ్య నడక సంవత్సరం'గా ప్రకటించారు. సైన్సు మాస్టారు రిటైరై, ఆయన కుర్చీలోకి ఎవరూ రానప్పుడు 'స్వయంకృషి విజ్ఞానం' అనే పథకం మొదలైంది. ప్రతి ప్రకటనా 'సంతోషిస్తున్నాం' అనే మాటతోనే ముగియాలన్నది నియమం. (ఎవరైనా కాలం చేస్తే 'గంభీరంగా సంతోషిస్తున్నాం' అనవచ్చు. దానికి పైవారి అనుమతి కావాలి.)

ఈ ప్రకటనలన్నీ రాసేది ఒక్క మనిషి. పోయిన వేసవిలో ఆమెకు పెళ్ళయింది. ఆ మర్నాటి నుంచి ఆఫీసులో అందరూ ఆమెను కొత్త పెళ్ళికూతురు అనే పిలుస్తున్నారు. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. నిజానికి ఈ మధ్య ఆమెకు ఎందులోనూ తప్పు కనిపించడం లేదు. వంటింట్లో ఒకే కొక్కేనికి వేలాడే రెండు కప్పులను చూస్తే ముచ్చటేస్తుంది. భర్త లంచ్ డబ్బా మూత ఒక్క నొక్కుకే పడితే ఆ రోజంతా ఉత్సాహంగా ఉంటుంది. ఆ ఉద్యోగానికి ఇంతకంటే తగిన మనిషి దొరకదని పైవారు కూడా అనుకునేవారు.

ఇంట్లోనూ అదే ధోరణి. కూరలో ఉప్పు రెండుసార్లు పడిన రోజున, ఈ విషయాన్ని కుటుంబ సభ్యులందరికీ తెలియజేయడానికి సంతోషిస్తున్నామని ఆమె గరిటె పట్టుకునే ప్రకటించింది. సభ్యులు (అంటే భర్త ఒక్కడే) ఏకగ్రీవంగా ఆమోదించి, మంచినీళ్ళ చెంబు దగ్గర పెట్టుకుని తిన్నారు.

ఆ భర్త, పొలాల మధ్య ఉన్న ఒక బడిలో మూడో తరగతి మాస్టారు. అతనికి ఒకటే బెంగ, తరగతి గది కప్పు. శ్లాబు పెచ్చులూడి నడిమధ్యలో చిల్లు పడింది. వాన మొదలైతే పిల్లలు బల్లలు గోడల వైపు జరుపుకుంటారు. అంతవరకూ ఫరవాలేదు. ఆ మధ్య అరచేయంత పెచ్చు ఒకటి ఊడి, తరగతిలో అందరికంటే చిన్నదైన బుడ్డది కూర్చునే చోట పడింది. బుడ్డది అప్పుడే మంచినీళ్ళకు లేచింది కాబట్టి పలక మాత్రమే పగిలింది. ఆ రోజు ఇంటికొచ్చి అతను కూర బాగుందో లేదో కూడా చెప్పలేదు. వానలు ముదిరేలోగా ఆ కప్పు బాగుపడితే చాలు, తనకింకేం అక్కర్లేదన్నాడు.

అందుకే ఇంజనీరింగ్ విభాగం నుంచి 'మూడో గది కప్పు మరమ్మతు: పూర్తి' అనే చీటీ వచ్చిన రోజున కొత్త పెళ్ళికూతురికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ప్రకటన రాసింది, పంపింది. భర్తకు ఫోన్ చెయ్యలేదు, ఇంటికొచ్చాక అతని మొహం చూడాలని. సాయంత్రం వాన పడింది. ఆమె రెండు కప్పుల్లో టీ పోసుకుని గుమ్మంలో నిలబడింది. అతను సైకిలు దిగి వచ్చాడు, రెండు భుజాలూ తడిసి.

"కప్పు చూశారా?" అంది.

"చూశాను. అదీ నన్ను చూసింది," అన్నాడతను. తర్వాత భుజాలు విడివిడిగా చూపించాడు. "ఎడమది దారిలో తడిసింది. కుడిది గదిలో."

ఇంతలో అత్తగారి ఫోన్. అతను తుమ్ముతూనే ఎత్తాడు. కోడలు రాస్తుందన్న మురిపెంతో ఆవిడ బడిగంట యాప్ పెట్టించుకుంది, చుట్టుపక్కల నలుగురికీ పెట్టించింది. కప్పు బాగుచేశారట కదా, ఇంకా ఆ తుమ్ములేమిటని కొడుకును అడిగింది. బాగుచెయ్యలేదమ్మా అని అతను చెప్పబోయాడు.

"ఫోన్‌లో వచ్చిందిరా. నీ మాట నమ్మమంటావా, ఫోన్ నమ్మమంటావా?" అంది ఆవిడ. "అయినా రాసింది నీ పెళ్ళామే కదా. దాన్నే అబద్ధాలకోరును చేస్తావా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె టీ వైపు చూసింది.

మర్నాడు ఇంజనీరింగ్ విభాగం వారు ఎంతో ఓపికగా విషయం వివరించారు. పూర్తయినది మరమ్మతుకు సంబంధించిన కాగితం పని. చేతి పని వేరే విభాగం కిందికి వస్తుంది. ఆ విభాగం ఏర్పాటు పరిశీలనలో ఉంది. సరే, ఇప్పుడైనా చేయించండని ఆమె అడిగితే, బాగైన కప్పును మళ్ళీ బాగుచేయడం వృథా ఖర్చు కిందికి వస్తుందనీ, కాబట్టి కొన్నేళ్ళదాకా ఆ కప్పు పాడవడానికి అనుమతి లేదనీ చెప్పారు.

ఆమె తన పై అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ కామాగారు అంటారు. తన ముందుకొచ్చిన ప్రతి కాగితంలోనూ ఒక కామా పెట్టి సంతకం చేయడం ఆయన పని. సవరణ ప్రకటన ఇద్దామని ఆమె అంటే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పు చేశామని చెప్పడానికి సంతోషిస్తున్నాం, అని రాస్తావా తల్లీ? నువ్వే చదివి చూడు, బాగుందేమో."

ఆమె కాగితం మీద రాసి చూసింది. నిజంగానే బాగాలేదు.

"అయితే సార్, ఆ గదిలో పడుతున్నవి నీళ్ళే కదా? కప్పు కారుతున్నట్టే కదా?"

"కారడం సోమవారంతోనే ఆగిపోయిందమ్మా, నువ్వే ప్రకటించావు. ఇప్పుడు పడుతున్నది ఇంకేదో అయ్యుంటుంది. ఏమిటో ఆలోచించు, చదువుకున్నదానివి."

చదువుకున్నదే కాబట్టి ఆలోచించింది. ఆలోచించి, పై సోమవారం ఇలా రాసింది: మూడో తరగతి గదిలోనే నేరుగా వాననీరు సేకరించే నూతన సౌకర్యం అందుబాటులోకి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కింద చిల్లు ఫొటో, దాని కింద బకెట్టు ఫొటో. (కామాగారు 'గదిలోనే' తర్వాత ఒక కామా పెట్టారు.)

అది చదివి భర్త ఫోన్ బోర్లించి పెట్టాడు. తర్వాత, నా కొంప ముంచుతున్నావా ఏమిటని నెమ్మదిగా అడిగాడు.

"పాడైందంటే ఎవరూ రారండీ. కొత్తగా పెట్టామంటే ప్రారంభించడానికి పరిగెత్తుకొస్తారు. వచ్చినవాళ్ళు తల పైకెత్తుతారు కదా. ఎత్తి ఆ చిల్లు చూశాక సిగ్గుపడరా?"

అతను ఆమె వైపు మెచ్చుకోలుగా చూశాడు. అతనికి భార్య తెలివి మీద నమ్మకం. ఆమెకు అధికారుల సిగ్గు మీద నమ్మకం. ఇద్దరిదీ కొత్త కాపురమే.

ఆమె లెక్క సగం తప్పలేదు. ప్రారంభోత్సవానికి మండలి అధ్యక్షులే స్వయంగా వచ్చారు. గది మధ్యలో నిలబడి తల పైకెత్తారు. చిల్లులోంచి చిన్న ఆకాశం ముక్క కనిపిస్తోంది. కొత్త పెళ్ళికూతురు ఊపిరి బిగబట్టి, ఆయన సిగ్గుపడటానికి కావలసినంత వ్యవధి ఇచ్చింది.

"ఇంత చిన్నదా?" అన్నారు అధ్యక్షులు.

ఆ రోజు ఎండ కాస్తోంది. సౌకర్యాన్ని ఎండలో ప్రారంభించడం సంప్రదాయం కాదు కనుక ఫైరింజను పిలిపించి, కప్పు మీదికి నీళ్ళు కొట్టించారు. నీళ్ళు సన్నటి ధారగా జారి బకెట్టు అంచు మీద పడ్డాయి. ఫొటోలో అవి కనిపించడం లేదని ఫొటోగ్రాఫరు నసిగాడు. అప్పుడు ఒకతన్ని గునపంతో పైకెక్కించి, చిల్లును అధ్యక్షుల హోదాకు తగినంత పెద్దది చేయించారు. ధార దబ్బున పడింది. అధ్యక్షులతో పాటు ముందు వరుస అంతా తడిసింది. చప్పట్లు మోగాయి.

ఈ సౌకర్యం వల్ల నువ్వేం నేర్చుకున్నావని అధ్యక్షులు బుడ్డదాని బుగ్గ గిల్లి అడిగారు.

"బల్ల జరపడం," అంది బుడ్డది.

నివేదికలో కామాగారు దాన్ని నాయకత్వ లక్షణాలు అనే శీర్షిక కింద చేర్చారు.

ఆ తర్వాత వ్యవహారం చకచకా సాగింది. వాన పడ్డ రోజున బకెట్టులో ఎంత నీరు చేరిందో యాప్‌లో నమోదు చేయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ పనికి తరగతి మొత్తం బుడ్డదాన్ని ఎన్నుకుంది. ఇంకో ఉత్తర్వులో, ఇంత విజయవంతమైన సౌకర్యం ఒక్క గదికే పరిమితం కావడం మిగతా పిల్లలకు అన్యాయమనీ, కాబట్టి ప్రతి తరగతి గదికీ ఒక రంధ్రం మంజూరు చేయడమైనదనీ ఉంది. (మండలి కార్యాలయానికి మినహాయింపు. అక్కడ ఫైళ్ళు ఉంటాయి.)

ఎన్నో అర్జీలు పెట్టినా ఆ బడి గడప తొక్కని తాపీమేస్త్రి, అలా ఒక పొద్దున సరంజామాతో సహా వచ్చి దిగాడు. రెండో తరగతి గది కప్పుకు గుండ్రంగా కన్నం కొట్టి, అంచులు నున్నగా సిమెంటుతో తీర్చాడు. పని చాలా బాగా చేశాడు. ప్రకటనకు ఫొటో తీయడానికి వచ్చిన కొత్త పెళ్ళికూతురు, భర్త పక్కన నిలబడి చూస్తోంది. ఆ వారమంతా ఇంట్లో ప్రకటనలు తగ్గిపోయాయి.

మేస్త్రి నిచ్చెన దిగి, చేతులు కడుక్కోబోతూ ఆగాడు.

"మాస్టారూ, సిమెంటు కొంత మిగిలిపోయింది. గట్టిపడితే పారబొయ్యడమే. ఆ మూడో గది కన్నం పూడ్చెయ్యమంటారా? పైనించి చూస్తే పిల్లల తలకాయలు కనిపిస్తన్నాయి. నాకే ఒళ్ళు జలదరించింది."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె ఫోన్ తీసి సంచీలో పెట్టుకుంది.

"పూడ్చండి," అంది. "దీన్ని మేం ప్రకటించం."

ఆ చివరి మాటేమిటో మేస్త్రికి అర్థం కాలేదు. అయినా కింద చెక్క ఆనించి, అడ్డంగా రెండు ఇనుపచువ్వలు వేసి, సుబ్బరంగా పూడ్చి, పైన తడి గోనెపట్టా కప్పి వెళ్ళాడు. ఆ విధంగా, మొదటి ప్రకటన వెలువడిన చాన్నాళ్ళకు, ఎవరికీ తెలియకుండా, మూడో తరగతి గది కప్పు మరమ్మతు పూర్తయింది.

కొద్ది రోజులకు వాన పడింది. సాయంత్రం అతను సైకిలు దిగి వచ్చి ఎడమ భుజం చూపించాడు, తడి. కుడి భుజం చూపించాడు, పొడి. ఆమె ఆ పొడి భుజాన్ని చేత్తో తడిమి తడిమి చూసింది. పిల్లలు ఇవాళ గది మధ్యలో కూర్చున్నారనీ, బుడ్డదైతే సరిగ్గా ఆ పూడ్చిన కన్నం కిందే బాసింపట్టు వేసుకుని కూర్చుని ఎక్కం మొత్తం అప్పజెప్పిందనీ అతను చెప్పాడు. ఈ ఇంటి సభ్యులందరూ సుఖంగా ఉన్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నామని ఆమె అంది. సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు. టీలో పంచదార వెయ్యడం మర్చిపోయిన సంగతి కప్పులు కడిగేదాకా ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు కూడా వాన. బుడ్డది తన బాధ్యత ప్రకారం బకెట్టులోకి తొంగి చూసింది. చుక్క లేదు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, యాప్‌లో సున్న నొక్కింది.

వాన పడుతుండగా సున్న రావడం అంటే సౌకర్యం పనిచేయనట్టు. ఆ సంగతి యాప్ దానంతటదే పసిగట్టి, దానంతటదే ఫిర్యాదు రాసుకుని, ఎర్ర అక్షరాల్లో అధ్యక్షులకు పంపింది. పలక పగిలినప్పుడు మాస్టారు పంపిన అర్జీ ఏ విభాగంలో ఉందో ఇప్పటికీ తెలియదు. ఈ ఫిర్యాదు మాత్రం తోవ తప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టకముందే జీపు వచ్చింది. అందులోంచి గునపాలతో మనుషులు దిగారు. మాస్టారు నిచ్చెనకు అడ్డంగా నిలబడి, బాబూ, ఇది బాగైన కప్పు, దీన్ని ముట్టుకోకండి అన్నాడు. బాగైందని తమకూ తెలుసనీ, అందుకే వచ్చామనీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు. కాసేపటికి పని ముగిసింది. కన్నం ఈసారి ఇంకాస్త విశాలంగా వచ్చింది. పిల్లలు ఎవరూ చెప్పకుండానే లేచి బల్లలు గోడల వైపు జరుపుకున్నారు. ఆ పనిలో వాళ్ళు బాగా ఆరితేరారు.

అతను ఫోన్ చేసి ఇదంతా చెప్పాడు. చివర్లో, కుడి భుజం కూడా, అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసేసరికి ఎదురుగా కామాగారు చిరునవ్వుతో నిలబడి ఉన్నారు, చేతిలో చీటీ.

ఆమె కూర్చుని టైపు చేసింది: మూడో తరగతి గది కప్పు గురించి ఫిర్యాదు అందిన రోజే సిబ్బందిని పంపి, వాన పడుతున్నా లెక్కచేయక పని పూర్తి చేయించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

పంపే ముందు, అబద్ధం ఎక్కడుందా అని అలవాటు కొద్దీ రెండుసార్లు చదివింది. ఎక్కడా లేదు. ఉద్యోగంలో చేరాక ఆమె రాసిన మొదటి నిజమైన ప్రకటన అది.