రెండో నంబరు పెట్ట

బుధవారం పొద్దున్నే బుల్లియ్య కాకిడేగ పుంజును గంప కింద మూసి, పైన రాయి పెట్టాడు. మధ్యాహ్నం రామచంద్రపురం నుంచి కోళ్ల డాక్టరు హారతి గారు భోజనానికి వస్తున్నారు. రెండు నెలల కిందట ఆమె వాళ్ల కోళ్ల కాళ్లకు నంబరు కడియాలు తొడిగి, రెక్కల కింద రక్తం తీసుకెళ్లారు. జన్యువులు చూసి, తెగుళ్లకు తట్టుకునే కోడిని ఎంచి, దాని పిల్లలను జిల్లా అంతటా పెంచుతారట. ఆ జాతికి పెంచినవాళ్ల పేరే పెడతారట. ఆ పుంజు జాతిని పెంచింది బుల్లియ్య తండ్రి రాజరత్నం. పోయిన తండ్రి పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కాలి, అదొక్కటే బుల్లియ్య కోరిక.

కూరకు రెండో నంబరు పెట్టను కోయమన్నాడు.

"మా అమ్మ సారెతో పంపిన పెట్ట సంతానమండి అది. మొన్న తెగులొస్తే టీకాలేయించిన మీ పుంజూ, ఏ మందూ ఎరగని ఇదీ, దీని పిల్లలూనే మిగిలాయి," అంది భార్య నాగదుర్గ.

"ముసలి పెట్టకి వంశం కూడానా. కానియ్యి."

నాగదుర్గ కత్తిపీట తీసింది.

పదింటికి ఫోనొచ్చింది. డాక్టరు గారితో ఇద్దరు ఆఫీసర్లు కూడా వస్తున్నారు. పెట్ట చాలదు. దాని పిల్లలు రెండూ పొయ్యెక్కాయి. పదకొండింటికి మళ్లీ ఫోను, కారు డ్రైవరూ భోంచేస్తాడని. పొదగెయ్యడానికి తవుడులో దాచిన దాని గుడ్లు పులుసులోకి దిగాయి. బుల్లియ్య గంప పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

వచ్చినవాళ్లు కూర బాగుందన్నారు. రెండోసారి వడ్డన అయ్యాక బుల్లియ్య ఆగలేక పుంజు సంగతి అడిగాడు.

"ఏమనుకోకండి, అందులో సగం ఫారం కోడే. ఎప్పుడో కలిసిపోయింది," అన్నారు హారతి గారు. "మాక్కావలసింది రెండో నంబరు పెట్ట. నాలుగొందల కోళ్లు చూశాం, అలాంటిది ఇంకోటి లేదు. ఒకసారి చూపిస్తారా?"

బుల్లియ్య ఆవిడ అరిటాకు వైపు చూశాడు. ఆవిడా చూసుకున్నారు. చేయి ఆగింది.

"పోనీ దాని పిల్లలు? గుడ్లు?"

"పిల్లల్ని ఆఫీసర్లకి వడ్డించానండి," అంది నాగదుర్గ. "గుడ్లు డ్రైవరు గారికి."

హారతి గారు చేయి కడుక్కుని, కోడి ఎవరిదో అడిగి పుస్తకంలో రాసుకున్నారు. జాతి పేరు: నాగదుర్గ. మిగిలిన కోళ్లు: లేవు.

కారు వెళ్లిపోయాక బుల్లియ్య గంప మీది రాయి తీసి, దీన్నేం చేయమంటావని భార్యను అడిగాడు.

"ఉండనివ్వండి," అంది ఆకులు ఎత్తుతూ. "మళ్లీ ఎవరైనా భోజనానికొస్తే కావాలిగా."