పెద్దపెట్టెకు ఇత్తడి ఫలకం

మా ఊరి ఆసుపత్రి సర్వరుకు కొత్త ప్రాసెసరు అమర్చిన శుభ సందర్భంలో, ఇకపై రోగుల స్కాన్లు రెప్పపాటులో డాక్టర్ల ముందు ప్రత్యక్షమవుతాయని చైర్మన్‌గారు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రాసెసరు లోపలెక్కడో ఉంటుంది కాబట్టి ప్రారంభించినవారెవరో లోకానికి తెలియకుండా పోతుందన్న బెంగతో, వారి పేరు చెక్కిన ఇత్తడి ఫలకాన్ని సర్వరు బీరువాకు బిగించారు. ఆ బీరువాను ఆసుపత్రిలో పెద్దపెట్టె అంటారు. దాని తలుపు జాలీది, యంత్రం గాలి పీల్చుకునేది అందులోంచే. ఫలకానికి ఆ జాలీకంటే గౌరవమైన చోటు ఆ గదిలో దొరకలేదు.

మర్నాటినుంచి సర్వరు నత్తనడక పట్టింది.

స్కాన్ల గది బయట ఒక కోడలు, అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తోంది. అత్తగారికి షుగరు. కాలి బొటనవేలు నల్లబడింది. రక్తం ఎందాకా పారుతోందో చూడటానికి స్కాన్ తీశారు గానీ ఆ బొమ్మ సర్జన్‌గారి తెరమీద తెరుచుకోలేదు. చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. బొమ్మ చూడనిదే కత్తి పట్టనన్నారాయన. పద్ధతి ప్రకారం అది న్యాయమే. పోనీ ఫిల్ము మీద ఇస్తారా అంటే, ప్రాసెసరుపై నమ్మకం లేనట్టవుతుందని ఆ అలవాటును ప్రారంభోత్సవం నాడే మాన్పించారు. రేపు రమ్మన్నారు. వెళితే మళ్ళీ రేపన్నారు.

"ఏమ్మా, ఆ చక్రం ఇంకా తిరుగుతోందా?" అనేది అత్తగారు.

"తిరుగుతోందత్తయ్యా."

"నాకంటే నయం."

కంప్యూటర్లు చూసే ఇంజనీరమ్మను పిలిపించారు. ఆమె పెద్దపెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకుంది. వేడెక్కిన ప్రాసెసరు కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుందనీ, కాస్త గాలాడితే చాలనీ చెప్పింది. గాలి ఎందుకాడటం లేదని సూపరింటెండెంటుగారు అడిగారు. ఆమె ఫలకం వైపు చూసింది. గదిలోని పెద్దలంతా ఫలకం వైపు చూశారు. తర్వాత అంతా పైకప్పు వైపు చూశారు. దాన్ని గోడకు బిగిద్దామని ఆమె అనబోతే, అలాగైతే చైర్మన్‌గారు గోడను ప్రారంభించినట్టవుతుందని ఆ పెద్దలు వారించారు.

"లోపం యంత్రంలో వెతకండమ్మా. పెద్దల్లో కాదు" అన్నారు సూపరింటెండెంటుగారు.

ఈ సంగతి వరండాలో టీ తాగే మా దాకా అందరికీ తెలుసు. మర్యాద కూడా తెలుసు కాబట్టి ఎవరమూ నోరెత్తలేదు.

ఫలకం మినహా సమస్తాన్నీ పరిశీలించడానికి ఒక సంఘం వేశారు. సంఘం వైర్లన్నీ మార్పించింది. నర్సులు మీటలు గట్టిగా నొక్కుతున్నారని అనుమానించి, మెత్తగా నొక్కడంలో వారికి శిక్షణ ఇప్పించింది. రోగులు అదేపనిగా స్కాన్లు తీయించుకోవడమే అసలు కారణమని తేల్చింది. చివరికి, ఆపరేషన్లయినవాళ్ళు పడుకునే వార్డులోని ఏసీని ఊడదీసి పెద్దపెట్టె ఎదుట పెట్టించింది. ఉక్కపోతకు తాళలేక రోగులు ముందుగానే ఇళ్ళకు వెళ్ళిపోయారు. మంచాలు త్వరగా ఖాళీ అవుతున్నందుకు ప్రాసెసరును మెచ్చుకున్నారు.

ఆ చల్లదనానికి సర్వరు కాస్త తేరుకుంది. ఒక మధ్యాహ్నం అత్తగారి బొమ్మ తెరుచుకుంది. చైర్మన్‌గారు స్వయంగా విచ్చేశారు.

"ఓపిక పట్టినవారికి సాంకేతికత ఎన్నడూ అన్యాయం చెయ్యదు" అన్నారు.

సర్జన్‌గారు బొమ్మ చూశారు. ఆ తర్వాత కట్టు విప్పి చూశారు. నలుపు పాదమంతా పాకింది. కోడల్ని పక్కకు పిలిచారు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు కదమ్మా. చదువుకున్నదానివి, ముందే తీసుకురావద్దూ?"

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే తర్వాతి రోగి బొమ్మ తెరుస్తున్నారు.

వరండాలో ఉన్న మేమంతా ఆమె వైపే చూశాం. సొంత తల్లయితే ఇన్నాళ్ళు ఊరుకునేదా అని ఎవరో మెల్లగా అన్నారు. అందరం తలలూపాం.